మంగళవారం బెల్లం

అల్ ఖౌద్
30 సెప్టెంబరు 2025, మంగళవారం

అన్నా,

రజితను. కూరగాయల బండిలో కాయితం వచ్చిందేమిటని బెదరకు. మీ ఖబూరా తోట నుంచి మా మేడం ఇంటికి కూరగాయలు తెచ్చే ఖాదర్ భాయి కడప మనిషని, నిన్ను ఎరుగునని పోయిన వారమే తెలిసింది. మంగళవారం పొద్దున సరుకు దించి, మధ్యాహ్నం ఖాళీ డబ్బాలతో తిరిగిపోతాడు కదా. ఉత్తరమిస్తే నీ చేతికే ఇస్తానన్నాడు. ఫోన్ ఉండగా ఇదెందుకంటావు. ఫోన్‌లో నువ్వు "ఆ, ఊ, మంచిదే, పెట్టేస్తున్న" తప్ప మాట్లాడవు. రూమ్‌లో ఆరుగురు వింటారని నీ సిగ్గు. ఒకే దేశంలో, మస్కట్‌లో నేను, రెండు గంటల దారిలో నువ్వు ఉండి, ఏడాదిన్నరగా మనం ముఖాలు చూసుకోలేదు. కాయితం మీదైనా నోరు విప్పు.

ఒక ముచ్చట చెప్పాలి. మా ఇంట్లో సుమర్ని అని ఇండోనేషియా మనిషి ఉంది. జావా ఆమె ఊరి వైపు పేరు. మేడం తల్లి మామా షంసాను పద్నాలుగేళ్లుగా ఆమే చూసుకుంటోంది. మేమిద్దరం మాట్లాడుకునేది విరిగిన అరబీలో. మొన్న నా రెసిడెంట్ కార్డు మీద పుట్టిన తారీకు చూసింది, 1-6-1987. వెంటనే అట్టలు ఊడిన ఒక చిన్న పుస్తకం తీసి, వేళ్లు మడిచి లెక్క పెట్టింది. వాళ్లకు మనలాగే ఏడు వారాలున్నాయి, అవి కాక ఇంకో ఐదు దినాలున్నాయి: లెగి, పహింగ్, పోన్, వగే, క్లివోన్. పూర్వం అవి అంగడి దినాలట. మన ఊళ్లో కూడా అంగడిని బట్టే దినాలు గుర్తుపెట్టుకుంటారని చెబితే సంబరపడింది. ఏడూ ఐదూ కలిసి తిరిగితే ముప్పై ఐదు రోజులకోసారి మనిషి పుట్టిన దినం మళ్లీ వస్తుంది. నాది సోమవారం వగే.

లెక్క అయ్యాక ఆమె నా చెయ్యి పట్టుకుని మణికట్టు దగ్గర వాసన చూసింది. "నీవి సువాసన ఎముకలు" అన్నది. కొన్ని దినాల్లో పుట్టినవాళ్లే అట్లా ఉంటారట. పోయినవాళ్లు వాళ్ల దగ్గరికి చనువుగా వస్తారట. ఎవరికీ తెలియనిది వాళ్లకు తెలుస్తుందట. ఆమెవి కూడా అవే ఎముకలట. "నా ఒంటికి ఉల్లిగడ్డ వాసన తప్ప ఏమొస్తది" అని నవ్వాను.

నవ్వాను గానీ అన్నా, ఆ రోజంతా ఒళ్లు తేలికగా ఉంది. అత్తగారింట్లో నా కాలు మంచిది కాదన్నారు. విడాకుల నాడు పెద్దమనుషుల ముందు కూడా అదే అన్నారు. నువ్వు అక్కడే కూర్చుని నేల చూశావు. నా పుట్టుక గురించి మంచి మాట అన్న మొదటి మనిషి ఈ సుమర్ని. అందుకే నీకు రాయాలనిపించింది.

నీ చెల్లె
రజిత

*

ఖబూరా
6 అక్టోబరు, సోమవారం సాయంత్రం

చెల్లె రజితకు,

నీ కాయితం అందింది. ఖాదర్ దాన్ని తోట యజమాని అర్బాబ్ ముందే ఇచ్చాడు. ఎక్కడ చదివేదని జేబులో పెట్టుకుని, నిమ్మచెట్లకు నీళ్లు కట్టేటప్పుడు చదివాను. ఒక మూల తడిసింది.

నేను బాగున్నాను. ఎండ కొంచెం తగ్గింది. ఖర్జూరం పని అయిపోయింది, ఇప్పుడు బెండ, గడ్డి. సముద్రం మీది గాలి వస్తే రూమ్‌లో ఏసీ అక్కర్లేదు. మా రూమ్‌లో ఇస్రార్ అనే పాకిస్తానీ పప్పు వండడం నేర్చుకున్నాడు. చింతపండు ఎక్కువ వేస్తాడు, అయినా తింటున్నాం.

ఎముకల సంగతి బాగుంది. ఆ వీధిలో కుక్కలుంటే జాగ్రత్తగా నడువు.

తారీకుల లెక్కలు మాత్రం ఎక్కువ పెట్టుకోకు. వాళ్ల దేశపు లెక్కలు వాళ్లకు. పని మంచిగా చేసుకో, అంతే. కాలు మంచిది కాదన్న మాట మళ్లీ ఎత్తకు. వదిలేసినవాళ్ల మాటలు మనకెందుకు.

ఈసారి డబ్బాలో వేరుగా కట్టి పెట్టిన సోరకాయ నీకే. మేడందనుకుని లోపల పెట్టేవు.

అన్న
దేవదాసు

*

అల్ ఖౌద్
4 నవంబరు, మంగళవారం

అన్నా,

సోరకాయ మేడమే తిన్నది. బాగుందన్నది. నెల రోజులు రాయలేదని అలగకు, ఇక్కడ పెద్ద సంగతి నడుస్తోంది.

సుమర్ని డిసెంబరు ఇరవైన ఊరికి పోతోంది. మళ్లీ రాదు, ఆమె కొడుకు పెళ్లి చేసుకుని ఇల్లు కట్టాడు. ఆమె పోయాక మామా షంసా దగ్గర ఒక్క మనిషి ఉంటే చాలని, నేను చేసే వంట కూడా ఆ మనిషే చూసుకోవాలని మేడం అంటోంది. నా వీసా జనవరి పదికి అయిపోతుంది. ఆ మనిషి నేనైతే ఇంకో రెండేళ్లు ఇక్కడే. కాకపోతే టికెట్ చేతికిచ్చి పంపుతారు. ఊళ్లో నాకేముందో నీకు తెలుసు. కన్న అవ్వ లేదు. నువ్వూ ఇక్కడే. ఈ ముసలమ్మ పక్కన కూర్చోవడం నాకు ఇష్టం అన్నా. ఇంత ఇష్టంగా నేను ఏదీ అడగలేదు.

ఎవరిని పెట్టాలో మేడం సుమర్నికే వదిలేసింది. ఎందుకంటే మామా షంసా దగ్గర అందరూ నిలవరు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఆమె గోడవైపు తిరిగి, పోయిన తన అక్క రయ్యాతో మాట్లాడుతుంది. అక్క వచ్చి ఎదురుగా కూర్చున్నదంటుంది. ఇంతకుముందు సాయానికి వచ్చిన ఇద్దరు భయపడి పారిపోయారు. నాకు భయం వేయలేదు. అవ్వ బీడీలు చుట్టుకుంటూ పోయిన నాయినతో మాట్లాడేది కదా, నాకు అలవాటే. ఆ గదికి పోయిన మొదటిరోజు కాఫీ ఇచ్చేటప్పుడు ఇంకో ఫింజాను కప్పు తెచ్చి ఎదురుగా పెట్టి అందులో కూడా పోశాను. ఇంటికి వచ్చిన మనిషికి పోయకుండా ఎట్లా ఉంటాం. మామా షంసా నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

సుమర్ని అది చూసి "నేను చెప్పిన కద, సోమవారం వగే" అన్నది. ఆ రోజు నుంచి అన్నీ నేర్పుతోంది. ఆమె లెక్కలో ఆ గదిలో సువాసన ఎముకల మనిషే కూర్చోవాలి, వేరే వాళ్లు కూర్చుంటే వాళ్లకే జబ్బు చేస్తుందట. మేడంకు నా పేరే చెబుతానన్నది.

నిన్న నా దినం వచ్చింది. తెల్లది ఒకటి, ఎర్రది ఒకటి, రెండు రకాల జావ కాచి నా చేత తినిపించింది. ఎర్రది మన బెల్లపన్నమే, ఇంకాస్త జారుగా ఉంది. నాకు పుట్టినరోజు చేసినవాళ్లు ఎవరూ లేరు కదా, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఒక్క సంగతి కావాలట. వాళ్లకు పొద్దు గూకితే మరునాటి దినం కింద లెక్క. నేను పుట్టింది పగలా, పొద్దు గూకాకనా? నువ్వు అప్పటికి పదకొండేళ్లవాడివి, నీకు గుర్తుంటుంది. వచ్చే మంగళవారానికి తప్పకుండా రాయి.

రజిత

*

ఖబూరా
10 నవంబరు, సోమవారం

చెల్లె,

పగలు పుట్టావు. ఇంకా పొద్దు నడినెత్తికి రాలేదు.

ఇంతటితో ఉత్తరం మడుద్దామనుకున్నాను. మడిచి మళ్లీ విప్పాను. ఇస్రార్ "క్యా హువా భాయి" అని రెండుసార్లు అడిగాడు.

ఆ తారీకు నీది కాదు. నువ్వు జూన్ ఒకటిన పుట్టలేదు. అది బడిలో సారు రాసిన తారీకు. నిన్ను చేర్పించడానికి అవ్వతో నేనూ పోయాను. "పుట్టిన దినమేంది" అని సారు అడిగితే అవ్వ నోరు మెదపలేదు, నేనూ మెదపలేదు. సారు నవ్వి జూన్ ఒకటి వేసుకున్నాడు. ఆ ఏడు చేరిన పదకొండు మందికీ అదే తారీకు. నీకు ఐదేళ్లు నిండినట్టు ఉండాలని సంవత్సరం కూడా ఒకటి వెనక్కి జరిపాడు. అంటే నువ్వు అనుకున్నదానికంటే ఒక ఏడు చిన్నదానివి. అదొక్కటే ఇందులో మంచి మాట.

నీ అసలు దినం అవ్వ చెప్పకపోవడానికి కారణముంది. మిరుగు కార్తె వచ్చి వారమైంది. ఆ ఏడు అధిక జ్యేష్ఠం. అమావాస్య. మంగళవారం, ఊళ్లో అంగడి. అవ్వ నొప్పులు పడుతుంటే నాయిన నన్ను అంగడికి పంపాడు. బిడ్డ పుడితే వాడకట్టుకు బెల్లం పంచాలి కదా. మోదుగాకులో బెల్లం కట్టించుకుని వచ్చేసరికి నువ్వు పుట్టి ఏడుస్తున్నావు. ఆ పొట్లం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మొదటి ఇంట్లో పెద్దమ్మ "అధిక మాసంల, అమాస నాడు, అండ్ల మంగళారం. మాకొద్దు బిడ్డా" అని తలుపు చాటుకు పోయింది. తొమ్మిది ఇండ్లు తిరిగాను. ఎవరూ చెయ్యి చాపలేదు.

ఆ శ్రావణంలోనే నాయిన పోయాడు. అందరూ నిన్ను చూసి గుసగుసలు పెట్టారు. అందుకే అవ్వ మనల్ని తీసుకుని మామ ఊరికి వచ్చేసింది. అక్కడ ఎవరికీ నీ దినం తెలియదు. ఎప్పటికీ చెప్పవద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. సారు ఆ తారీకు రాసినప్పుడు అవ్వ ముఖం వెలిగింది చెల్లె. నీకు మంచి దినం దొరికిందని.

ఇప్పుడు ఆ సుమర్నికి చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం. నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నేనైతే ఊరుకుంటాను.

దేవదాసు

*

అల్ ఖౌద్
11 నవంబరు

అన్నా,

ఖాదర్ భాయి డబ్బాలు దించుతుండగానే చదివాను. పాల బిల్లు వెనక రాస్తున్నాను, ఆయన హారన్ కొడుతున్నాడు.

అమావాస్య అయితే అమావాస్య. దానికి కాదు నా కోపం. నా పుట్టిన దినం నాకు తప్ప మీకందరికీ తెలుసన్న మాట. ముప్పై ఏడేళ్లు.

ఒక్కటి చెప్పు. అత్తగారింటి వాళ్లు నా కాలు మంచిది కాదన్నప్పుడు నువ్వు నేల చూశావు. ఒక్క మాట అనలేదు. నువ్వు కూడా అదే నమ్మావా? నిజం రాయి. అబద్ధమైతే రాయకు.

*

ఖబూరా
17 నవంబరు

చెల్లె రజితకు,

నిజమే రాస్తున్నాను.

ఆ రోజు తొమ్మిది ఇండ్లు తిరిగాక ఆ బెల్లం ఏం చేయాలో నాకు తెలియలేదు. తిరిగి తీసుకుపోతే అవ్వ ఏడుస్తుందని భయం. దొడ్డి గోడ వెనక కూర్చుని మొత్తం నేనే తిన్నాను. నాలుక మండింది, అయినా తిన్నాను. ఇంటికి పోయి "పంచిన అవ్వా" అన్నాను. అవ్వ నమ్మింది. అందరూ తీసుకున్నారా అని అడిగితే అందరూ తీసుకున్నారన్నాను. తర్వాత వాళ్ల మాటలు అవ్వ చెవిన పడ్డాయి గానీ, ఆ రోజు మాత్రం సంతోషంగా పడుకుంది.

రెండు నెలలకు నాయిన పోతే వాడంతా నీ పేరు చెప్పింది. నాకు మాత్రం వేరే అనిపించింది. పంచాల్సిన బెల్లం నేను తినడం వల్లే ఇట్లా అయిందనుకున్నాను. పదకొండేళ్ల పిలగాడికి అంతకంటే ఏం తోస్తుంది. పెద్దయ్యాక అది తప్పని తెలుసు. తెలిసినా లోపల అట్లాగే ఉంది. మీ అత్తగారింటి వాళ్లు ఆ మాట అన్నప్పుడు నేను నేల చూసింది అందుకే. నీకు రావలసిన మంచి నా నోట్లోకి పోయిందనుకున్నాను. నీ కాలు మంచిది కాదని ఒక్కనాడు కూడా అనుకోలేదు.

ఇది ఎవరికీ చెప్పలేదు. మీ వదినకు కూడా.

దేవదాసు

*

అల్ ఖౌద్
2 డిసెంబరు, మంగళవారం

అన్నా,

రెండు మంగళవారాలు ఖాదర్ భాయి చేతికి ఏమీ ఇవ్వలేదు. "మీ అన్న తోట గేటు దగ్గరే నిలబడతండాడు తల్లీ" అని చెప్పాడు. నిలబడనీ అనుకున్నాను మొదటివారం. రెండోవారం రాయడానికి కూర్చుంటే నీ బెల్లం కళ్ల ముందుకు వచ్చి చెయ్యి సాగలేదు. పిచ్చి అన్నా. అంత బెల్లం ఒక్కడివే ఎట్లా తిన్నావు.

ఇక్కడి సంగతి చెబుతాను. చెప్పకుండా ఉందామని నాలుగు రోజులు చూశాను. నా వల్ల కాలేదు. ఆ గదిలో కూర్చున్నంతసేపూ ఇంకొకరి కుర్చీలో కూర్చున్నట్టే ఉంది. సుమర్నికి అన్నీ చెప్పేశాను. ఫోన్‌లో పాత పంచాంగం వెతికాం. అధిక జ్యేష్ఠ అమావాస్య, మంగళవారం, 14 జూన్ 1988. ఆమె వేళ్లు మడిచి లెక్క పెట్టింది. మంగళవారం పోన్. పుస్తకం ఒకసారి చూసింది, మళ్లీ చూసింది. "ఎముకల మాట లేదు" అన్నది. "చెడ్డ దినమా" అని అడిగాను. "చెడ్డది కాదు. గొప్పది కాదు. ఉట్టి దినం" అని పుస్తకం మూసి లోపలికి పోయింది.

నేను వంటింట్లోకి వచ్చేశాను. రెండు రోజులు ఆ గది వైపు పోలేదు. సూట్‌కేసు దించి దుమ్ము కూడా తుడిచాను. మూడోరోజు అసర్ అయ్యాక సుమర్ని వంటింటి గుమ్మంలో నిలబడింది. "ముసలామె కాఫీ తాగుతలేదు. మా అక్కకు పోసే పిల్ల ఎక్కడ అంటున్నది" అన్నది.

"నా దినం అది కాదు కదా" అన్నాను.

"పద్నాలుగేండ్లు ఆ గదిల కూసున్న. ఆమె అక్క వస్తదని నాకు తెలుసు. ఒక్కనాడన్న ఆమెకు ఇంత కాఫీ పొయ్యాలని నాకు తోచలే. నా ఎముకలకు సువాసన ఉండి ఏం లాభం" అన్నది. తర్వాత కొంచెం చిరాగ్గా, "పుస్తకం తప్పా, నువ్వు తప్పా చూసేందుకు నాకు టైం లేదు. ఇరవైకి నా ఫ్లైట్. ఫింజాన్లు తీసుకో" అన్నది.

నిన్న మేడం నా పాస్‌పోర్టు తీసుకుంది. వీసా ఇంకో రెండేళ్లు పొడిగిస్తారట. నేను ఎక్కడికీ పోవడం లేదు అన్నా.

ఇంకొకటి. అమావాస్య, అధిక మాసం, మంగళవారం, ఇన్ని కలిసి వచ్చిన దినాన్ని ఆ పుస్తకం ఉట్టి దినమంటోంది. మొదట చిన్నబుచ్చుకున్నాను. సువాసన ఎముకలు పోయాయని బాధ కదా. తర్వాత పడుకుంటే నవ్వొచ్చింది. ఎవరినీ ఏమీ చేయని దినం అన్నా. దానికి భయపడి మనం ఊరే మారాం.

ముప్పై ఐదు రోజులకోసారి వచ్చే నా దినం ఇవాళే. అందుకే పొద్దున నాలుగింటికే లేచి వండాను. సుమర్ని జావ అన్నది, నేను అవ్వ చేసినట్టు బెల్లపన్నమే చేశాను, కొబ్బరి ఆమె మాట మీద వేశాను. తెల్లది ఆమెకు, మామా షంసాకు, రయ్యాకు సరిపోయింది. ఎర్రది పెద్ద గిన్నెతో బండిలో పెట్టిస్తున్నాను. బెల్లం ఎంత పోశానో అడగకు.

ఏం చేయాలో నీకు తెలుసు. ఈసారి దొడ్డి గోడ వెనక్కి పోకు.

నీ చెల్లె,
మంగళవారం పోన్

*

ఖబూరా
8 డిసెంబరు, సోమవారం

చెల్లె రజితకు అన్న దీవెనలు,

గిన్నె సాయంత్రం నాలుగింటికి దిగింది. మూతి మీద తెల్లగుడ్డకు నువ్వు కట్టిన ముడి నాకు విప్పరాలేదు, ఖాదర్ పళ్లతో విప్పాడు. "ఏందన్నా ఇంత" అని అడిగాడు. "మా చెల్లె పుట్టింది" అన్నాను. నోటికి అదే వచ్చింది. అతను నా ముఖం చూసి గరిటె తెచ్చి ఇచ్చాడు. మొదటి గరిటె అతనికే పెట్టాను.

తర్వాత మా రూమ్. ఇస్రార్ రెండుసార్లు పెట్టించుకున్నాడు. పక్క రూమ్‌లో బంగ్లా వాళ్లు ఎనిమిది మంది, పంపు దగ్గర ఇద్దరు, గడ్డి కోసే దగ్గర ముగ్గురు. గిన్నె నెత్తిన పెట్టుకుని ప్రతి తలుపూ కొట్టాను. ప్రతి తలుపు ముందూ ఒక్క క్షణం ఆగాను, నలభై ఎనిమిదేళ్ల మనిషిని, అబద్ధం ఎందుకు. చెయ్యి చాపనివాడు లేడు. కొందరు కంచాలు తెచ్చుకున్నారు, ఒకడు టీ గ్లాసు పట్టాడు. అర్బాబ్ కారు ఆపి ఏమిటని అడిగాడు. మా చెల్లె పుట్టినరోజు అన్నాను. ఎన్నేళ్లు అన్నాడు. ముప్పై ఏడు అని సరిగ్గా చెప్పాను. కారులోంచే చెయ్యి చాపి తిని, వేళ్లు నాకి, మబ్రూక్ అని శుభం చెప్పాడు.

లెక్క చూసుకుంటే ఇరవై ఒక్క మంది. తొమ్మిది ఇండ్ల కంటే ఎక్కువే.

రెండేళ్లు ఉంటున్నావన్న మాట మూడుసార్లు చదివాను. జనవరిలో ఒక శుక్రవారం ఖాదర్ మస్కట్ వైపు వస్తాడట. నేనూ ఎక్కి వస్తాను. మీ ముసలమ్మకు చెప్పి ఇంకో ఫింజాను తీసి పెట్టు. నన్ను కూడా గదిలోకి రానిస్తారా లేక గుమ్మంలోనేనా అడుగు. సుమర్ని పోయేలోపు ఆమెకు నా దండాలు చెప్పు. నా దినం మాత్రం లెక్క పెట్టించకు. నా సర్టిఫికెట్ మీద కూడా జూన్ ఒకటే ఉంది.

గిన్నె కడిగి బెండకాయల కింద పెట్టాను. అవ్వకు ఆ రోజు అబద్ధం చెప్పాను, నీకు నిజం రాస్తున్నాను. పంచిన, చెల్లె. అందరూ తీసుకున్నారు. నాకు ఒక్క ముద్ద కూడా మిగల్లేదు.

అన్న
దేవదాసు